గుంతను కొలవని గనుల చట్టం

పరకాల దగ్గరి ఊరి నుంచి వచ్చి హనుమకొండలో న్యాయశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "మన గనుల చట్టం 1957 నాటిది. గడిచిన పదేళ్లలోనే దానిని ఎన్నోసార్లు సవరించారు. అయినా మా ఊరి గుట్ట ఏడాదికేడాది కరిగిపోతూనే ఉంది. కొత్తగా చట్టం రాసే అవకాశం వస్తే మొదట ఏది మార్చాలి? చిన్న క్వారీలకు కూడా వేలం పెడితే ఈ బాధ తీరుతుందా?"

వేలంతో మీ ఊరి బాధ తీరదు. తవ్విన గుంతను ప్రతి ఏడాదీ కొలవాలని, ఆ కొలతను సీనరేజి, అంటే తవ్విన రాయి మీద ప్రభుత్వానికి కట్టే రుసుము, వసూలు చేసే శాఖతో సంబంధం లేనివారు తీయాలని, ఆ లెక్కను గ్రామ పంచాయతీలో అందరికీ కనిపించేలా పెట్టాలని, లెక్క తేలేదాకా మరుసటి ఏటి పర్మిట్లు విడుదల కావొద్దని చట్టంలోనే రాయాలి. నేను మొదట మార్చమని అడిగేది ఇదే. ఇరవై ఆరేళ్లుగా వరంగల్, కరీంనగర్ ప్రాంతాల క్వారీలకు మైనింగ్ ప్లాన్లు, అంటే ఎక్కడ, ఎంత, ఎట్లా తవ్వాలో చెప్పే ప్రణాళికలు, రాస్తున్నాను; అంతకుముందు కొంతకాలం ఒక గ్రానైట్ క్వారీలో జియాలజిస్టుగా పనిచేశాను. లీజు ఎవరికి, ఎట్లా ఇవ్వాలన్న దాని మీద ఈ దేశంలో జరిగినంత చర్చలో పదో వంతు కూడా, ఇచ్చిన తర్వాత ఎంత తవ్వారన్న దాని మీద జరగలేదని నా అనుభవం చెబుతోంది.

చట్టం సవరించినా మీ ఊళ్లో ఎందుకు తెలియలేదో ముందు చూద్దాం. రాజ్యాంగంలో గనుల విషయం రెండు చోట్ల ఉంది. రాష్ట్ర జాబితాలోని 23వ అంశం రాష్ట్రానికి అధికారం ఇస్తుంది. కేంద్ర జాబితాలోని 54వ అంశం కింద, ప్రజాహితం కోసం పార్లమెంటు ఏ మేరకు తన చేతిలోకి తీసుకుంటే ఆ మేరకు ఆ అధికారం తగ్గుతుంది. పార్లమెంటు అట్లా చేసిన చట్టమే 1957 నాటి గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టం. అయితే అదే చట్టంలోని 15వ సెక్షన్ చిన్నతరహా ఖనిజాలను, అంటే ఇండ్లకు, రోడ్లకు వాడే రాయి, కంకర, మొరం, మామూలు ఇసుక, గ్రానైట్ వంటివాటిని, నియమాలు రాసుకొనే అధికారంతో సహా రాష్ట్రాలకు వదిలేసింది. 2015 ఫిబ్రవరిలో మరో 31 ఖనిజాలను కేంద్రం ఈ చిన్న ఖనిజాల జాబితాలోకి నెట్టింది. మన దగ్గర ఇప్పటికీ నడుస్తున్న నియమావళికి మూలం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966లో చేసిన చిన్నతరహా ఖనిజాల నియమాలు. ఢిల్లీలో 2015, 2020, 2021, 2023లలో వచ్చిన సవరణలు బొగ్గు, ఇనుము, సున్నపురాయి, లిథియం గురించి మాట్లాడాయి. మీ గుట్ట రాయి గురించి దాదాపు ఏమీ మాట్లాడలేదు. ఊళ్లలో జనం కళ్లతో చూసే తవ్వకాలలో ఎక్కువ భాగం ఈ చిన్న ఖనిజాలవే కావడం వల్ల, ఎంత పెద్ద సంస్కరణ వచ్చినా పల్లెకు తెలియకుండా పోయింది.

వేలం గురించి న్యాయంగా మాట్లాడాలంటే అది ఎందుకు వచ్చిందో మరువకూడదు. 1993 నుంచి స్క్రీనింగ్ కమిటీల ద్వారా, ప్రభుత్వ కోటాల ద్వారా పంచిన బొగ్గు బ్లాకులలో 214ను సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులో ఒక్క తీర్పుతో రద్దు చేసింది. ఎవరికి ఎందుకు ఇచ్చారో చెప్పగలిగే కొలమానమే లేదన్నది ఆ తీర్పు సారాంశం. దాని తర్వాత 2015లో పెద్ద ఖనిజాలకు వేలం తప్పనిసరి అయింది. కొత్త లీజు కాలం యాభై ఏళ్లు అని, అది ముగిసాక పొడిగింపు లేకుండా మళ్లీ వేలమే అని రాశారు. ఎవరి తలుపు తట్టాలో, ఎవరిని పట్టుకోవాలో అన్న వెంపర్లాట దీనితో చాలా తగ్గింది. అది మంచి మార్పు, వెనక్కి పోకూడని మార్పు.

కానీ వేలంలో పాడే పాట ఎంత పెరిగితే, అమ్మిన సరుకును తక్కువగా చూపించాలన్న ఒత్తిడి అంత పెరుగుతుంది. 2020లో ఒడిశాలో ఇనుప ఖనిజం గనులకు జరిగిన వేలంలో కొందరు ఖనిజం ప్రకటిత ధర మీద నూరు శాతం దాటి ప్రీమియం పాడారు. అంటే టన్ను అమ్మితే వచ్చే ధరకన్నా ప్రభుత్వానికి కట్టవలసిందే ఎక్కువ. సొంత ఫ్యాక్టరీకి ముడిసరుకు దక్కితే చాలనుకునేవారికి అది కిట్టుబాటు కావచ్చు. మిగిలినవారికి మిగిలే దారి గనిని ఆపేయడమో, వదులుకోవడమో, తీసిన దానిని తక్కువ గ్రేడుగా, తక్కువ బరువుగా రాయడమో. కొలత గట్టిగా లేని చోట వేలం పెడితే అబద్ధానికి ధర పెరుగుతుందే తప్ప నిజానికి పెరగదు. మీ ఊరి క్వారీకి కూడా ఇదే వర్తిస్తుంది. పైగా మన ప్రాంతంలో తరతరాలుగా సుత్తి, ఉలి పట్టి రాయి కొట్టి బతికే వడ్డెర కుటుంబాలున్నాయి. మూడెకరాల రాతి బోడును కూడా బహిరంగ వేలంలో పెడితే, డిపాజిట్టు కట్టే స్తోమత లేని వారి సంఘాలు మొదటి రోజే బయటికి పోతాయి. చిన్న విస్తీర్ణాలను ఈ సంఘాలకు కేటాయించి, పెద్ద గ్రానైట్ లీజులకు, క్రషర్ క్వారీలకు వేలం పెట్టడం సబబు.

ఇక అసలు విషయానికి వస్తాను. కొలత లేకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కింద ఒక క్వారీకి మైనింగ్ ప్లాన్ తిరిగి రాయవలసి వచ్చి, యజమాని పిలిస్తే జీపీఎస్ పరికరం పట్టుకొని పోయాను. లీజు స్కెచ్‌లో ఎనిమిది సరిహద్దు పిల్లర్లు ఉన్నాయి. ఏడు వాటి వాటి చోట్లలోనే దొరికాయి. ఆరో నంబరు పిల్లర్ కూడా ఉంది గాని, అది ఉండవలసిన చోట లేదు; సున్నం కొత్తగా కొట్టి ఉంది, కింద సిమెంటు దిమ్మె తడి ఆరి ఎక్కువ రోజులు కాలేదు. స్కెచ్‌లోని అక్షాంశ రేఖాంశాలను పరికరంలో పెట్టుకొని నడుచుకుంటూ పోతే, అసలు ఆరో పిల్లర్ ఉండవలసిన చోటు గుంత అంచు దాటి గాలిలో ఉంది. సరిహద్దుకు లోపల ఏడున్నర మీటర్ల పట్టీని తవ్వకుండా వదలాలన్నది గనుల భద్రతా నిబంధన. ఆ పట్టీ పోయింది, దాని అవతల సరిహద్దు పోయింది, సరిహద్దు అవతల ప్రభుత్వ భూమిలో పదకొండు మీటర్లు పోయింది. అప్పటిదాకా ఆ క్వారీ మీద ఒక్క నోటీసు కూడా లేదు. కాగితాల ప్రకారం అంతా సక్రమమే: లీజు డీడు ఉంది, పర్యావరణ అనుమతి ఉంది, లారీతో పంపే వే బిల్లులు ఉన్నాయి, సీనరేజి కట్టిన రశీదులున్నాయి. నేను చూసింది చూసినట్టు రాస్తానంటే ఆ ప్లాన్ పని మరొకరికి పోయింది. ఆ తర్వాత ఆ గుంత సంగతి నాకు తెలియదు.

ఇందులో తప్పు ఒక్క యజమానిది అనుకుంటే మనం చట్టాన్ని బాగు చేయలేం. మన లైసెన్సు పద్ధతి మొత్తం కాగితం చుట్టూ తిరుగుతుంది. క్వారీదారు ముందుగా సీనరేజి కడతాడు, అంత పరిమాణానికి పర్మిట్ వస్తుంది, దాని మీద లారీకొక వే బిల్లు పుడుతుంది. ఆన్‌లైన్ అయ్యాక నకిలీ బిల్లులు తగ్గిన మాట నిజమే. కానీ ఆన్‌లైన్‌లో ఉన్నది బయటికి పోయినట్టు చెప్పుకొన్న రాయి మాత్రమే. వే బిల్లు లేకుండా రాత్రిపూట పోయిన టిప్పరు కంప్యూటరులో ఎప్పటికీ కనిపించదు. ఒకే బిల్లు మీద రెండు ట్రిప్పులు పోయిన లారీ ఒక్క ట్రిప్పుగానే కనిపిస్తుంది. ఆ లారీని దారిలో పట్టుకోవాలంటే చెక్‌పోస్టు కావాలి, మనుషులు కావాలి, ఆ మనుషులు నిలబడగలగాలి. గుంత మాత్రం ఎటూ పోదు. ఆరు నెలల తర్వాత పోయినా, ఆరేళ్ల తర్వాత పోయినా అది ఎంత తవ్వితే అంతే ఉంటుంది.

ఒక లెక్క చేసి చూపిస్తాను; అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవి. రెండు హెక్టార్ల మేర సగటున 12 మీటర్ల లోతు తవ్విన గ్రానైట్ క్వారీ ఉందనుకుందాం. ఖాళీ అయిన చోటు 2,40,000 ఘనపు మీటర్లు. పక్కన వ్యర్థపు రాయి డంపు ఉంటుంది. గ్రానైట్‌లో పనికొచ్చే బ్లాకు తక్కువ, వ్యర్థం ఎక్కువ కాబట్టి డంపు పెద్దగానే ఉంటుంది. ఆ డంపును కొలిస్తే 1,30,000 ఘనపు మీటర్లు వచ్చిందనుకుందాం. పగిలిన రాయి మధ్య ఖాళీల వల్ల పొంగుతుంది కాబట్టి, ఆ పొంగును 1.3గా తీసుకుంటే కొండలో అది ఆక్రమించిన చోటు లక్ష ఘనపు మీటర్లే. మిగిలిన 1,40,000 ఘనపు మీటర్లు క్వారీ దాటి బయటికి పోయి ఉండాలి. వే బిల్లులన్నీ కలిపి 60,000 చూపితే 80,000కు జవాబు లేదు. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర లేదు, దొంగను తరమవలసిన అవసరమూ లేదు. డ్రోన్‌తో ఒక పూటలో గుంతను, డంపును సర్వే చేయవచ్చు. పొంగు గుణకం మీద వాదన వస్తుంది, అందుకే దానిని రాతి రకాన్ని బట్టి నియమాలలోనే ముందుగా నిర్ణయించాలి.

పెద్ద ఖనిజాల విషయంలో కేంద్రం ఈ దారిలో ఇప్పటికే ఒక అడుగు వేసింది. 2021లో ఖనిజ సంరక్షణ నియమాలను సవరించి, లీజు విస్తీర్ణం 50 హెక్టార్లు, అంతకన్న ఎక్కువ ఉన్నా, ఏడాదికి పది లక్షల టన్నులు, అంతకన్న ఎక్కువ తవ్వే ప్రణాళిక ఉన్నా ఏటా డ్రోన్ సర్వే తప్పనిసరి చేశారు. అంతకన్న చిన్నవి ఉపగ్రహ చిత్రాలు సమర్పించాలి. ఆ నియమాలు మీ ఊరి క్వారీకి వర్తించవు. అది చిన్న ఖనిజం కదా. మన రాష్ట్ర నియమాలలో ఇటువంటి నిబంధనను చేర్చడానికి పార్లమెంటు దాకా పోవలసిన పని లేదు. 15వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవోతో చేయగలదు. అక్రమ తవ్వకాన్ని, రవాణాను అరికట్టే నియమాలు చేయడానికి 23సి సెక్షన్ కూడా రాష్ట్రానికే అధికారం ఇచ్చింది.

గ్రానైట్ బ్లాకుల దగ్గర మరో చిన్న విషయం ఉంది, దాని మీద కోట్ల రూపాయల తేడా నడుస్తుంది. క్వారీలో వైర్ సా (తీగ రంపం)తో కోసి తీసిన బ్లాకు మీద రంగుతో నంబరు, మూడు కొలతలు రాస్తారు. పొడవు మూడు మీటర్లు, వెడల్పు 1.8, ఎత్తు 1.6 ఉన్న బ్లాకు 8.64 ఘనపు మీటర్లు. కొనేవాడు అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని ప్రతి కొలతలో పది సెంటీమీటర్లు తగ్గిస్తే అది 2.9, 1.7, 1.5 అవుతుంది, అప్పుడు లెక్క 7.4 ఘనపు మీటర్లకు దగ్గర. టేపు ఒక్కటే, రాయి ఒక్కటే, ఏడో వంతు మాయం. వ్యాపారులు తమలో తాము ఎట్లా కొలుచుకున్నా అది వారి ఇష్టం. సీనరేజికి ఏ కొలత తీసుకోవాలన్నది మాత్రం నియమంలో ఒక్క వాక్యంతో తేల్చాలి, రైల్వే సైడింగులో, రేవులో నమోదయ్యే బరువుతో దానిని సరిచూడాలి. గ్రానైట్ ఘనపు మీటరు సుమారు 2.6 నుంచి 2.7 టన్నులు తూగుతుంది కాబట్టి బరువు నుంచి పరిమాణం, పరిమాణం నుంచి బరువు తేల్చడం కష్టం కాదు. కరీంనగర్ టాన్ బ్రౌన్ రకం గ్రానైట్ ఇన్ని దేశాలకు పోతూ ఉంటే, క్వారీ దగ్గరి లెక్క, రేవు దగ్గరి లెక్క ఒకే తెర మీద పక్కపక్కన కనిపించే ఏర్పాటు ఎప్పుడో జరిగి ఉండాలి.

కొలిచేవారు వేరే ఎందుకు ఉండాలని మీరు అడగవచ్చు. జిల్లా గనుల కార్యాలయానికి ఏటా ఆదాయ లక్ష్యం ఉంటుంది. మార్చి నెలలో అక్కడికి ఏ పని మీద పోయినా ఆ లక్ష్యం గురించే మాటలు వినిపిస్తాయి. లీజులు పరిశీలించేది, సీనరేజి వసూలు చేసేది, తనిఖీకి పోయేది, జరిమానా వేసేది అంతా ఆ కొద్దిమంది ఉద్యోగులే. తప్పు చేసిన క్వారీని మూస్తే ఆ ఏడు ఆదాయం తగ్గుతుంది. జరిమానా వేసి నడవనిస్తే పెరుగుతుంది. వారిలో నిజాయతీగా పనిచేసిన అధికారులను నేను చాలామందిని చూశాను, వారి మీద నాకు గౌరవం ఉంది. కానీ వసూలు బాధ్యతను, పరీక్ష బాధ్యతను ఒకే మనిషి మెడలో వేయడం ఆ మనిషికి కూడా అన్యాయమే. కొలత పనిని సర్వే శాఖకో, విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర, సివిల్ ఇంజనీరింగ్ విభాగాలకో లాటరీ పద్ధతిన అప్పగించవచ్చు. కాకతీయ విశ్వవిద్యాలయంలో, కొత్తగూడెం గనుల కళాశాలలో చదువుకున్న పిల్లలు ఈ పనికి కొరత లేకుండా దొరుకుతారు. మైనింగ్ ప్లాన్ రాసే మావంటి వారికి మాత్రం ఈ కొలత పని ఇవ్వకూడదు. మాకు డబ్బు ఇచ్చేది లీజుదారే.

జరిమానాల సంగతి. చిన్న ఖనిజాల అక్రమాలకు మన నియమాలలో జరిమానాను సీనరేజికి ఇన్ని రెట్లని లెక్కగడుతూ వచ్చారు. సీనరేజి మార్కెట్ ధరలో చిన్న భాగం కాబట్టి, పట్టుబడితే కట్టడం కూడా వ్యాపార ఖర్చులో కలిసిపోతుంది. 1957 చట్టంలోని 21(5) సెక్షన్ దీనికన్న గట్టిది: అక్రమంగా తీసిన ఖనిజాన్ని, అది అమ్ముడుపోతే దాని పూర్తి ధరను రాబట్టవచ్చు. కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో, పర్యావరణ అనుమతి లేకుండా, లేదా దాని పరిమితికి మించి తవ్వినది కూడా ఈ సెక్షన్ కిందికి వస్తుందని, నూటికి నూరు శాతం ధర రాబట్టాలని చెప్పింది. చిన్న ఖనిజాలకు కూడా ఇదే కొలబద్ద అని రాష్ట్ర నియమంలో సూటిగా రాస్తే రాజీకి పోయే దారి మూసుకుంటుంది. మీరు న్యాయశాస్త్రం చదువుతున్నారు కాబట్టి మరో తీర్పు కూడా గుర్తుపెట్టుకోండి. ఈ చట్టం కింద అధీకృత అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు విచారణకు తీసుకుంటుందని 22వ సెక్షన్ అంటుంది. దానిని అడ్డం పెట్టుకొని పోలీసులకు అధికారమే లేదనే వాదన చాలాకాలం నడిచింది. నది నుంచి ఇసుకను అనుమతి లేకుండా తీసుకుపోవడం దొంగతనం కిందికి కూడా వస్తుందని, దాని మీద పోలీసులు కేసు పెట్టడానికి 22వ సెక్షన్ అడ్డు కాదని 2014లో సంజయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

లైసెన్సు దరఖాస్తులో మీ కంటికి వెంటనే ఆనవలసిన అంకె ఒకటుంది, అది విస్తీర్ణం. 4.9 హెక్టార్లు, 4.95, 4.98 అని ఇన్ని దరఖాస్తులు ఎందుకు వస్తాయో మొదట్లో నాకూ అర్థం కాలేదు. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఐదు హెక్టార్లకు లోపు ఉన్న చిన్న ఖనిజాల లీజుకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అని చెప్పింది. అప్పటిదాకా చిన్న విస్తీర్ణాలకు అది అక్కరలేదన్నట్టే నడిచింది. ఆ తర్వాత వచ్చిన పద్ధతిలో ఐదు హెక్టార్ల లోపు ఒంటరి లీజుకు ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. ఒకే గుట్టను నాలుగు పేర్ల మీద నాలుగు ముక్కలు చేస్తే నాలుగింటికీ ఊరిని అడగవలసిన పని తప్పుతుంది. ఐదు వందల మీటర్ల లోపు ఉన్న లీజులను ఒక సమూహంగా చూసి, మొత్తం విస్తీర్ణం ఐదు హెక్టార్లు దాటితే ప్రజాభిప్రాయం తీసుకోవాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2018లో ఇచ్చిన ఆదేశాలతో ఆ దారి కొంత మూసుకుంది. ఆ కొలతను దరఖాస్తుదారు చూపిన మ్యాపు మీద కాకుండా గుట్ట మీదే వేయాలి. గుట్టను ఒక యూనిట్‌గా తీసుకొని, దాని మీద మొత్తం ఎంత తవ్వవచ్చు, ఏ భాగాన్ని ముట్టుకోకూడదు అన్నది ముందే ప్రభుత్వం ప్రకటించి, ఆ తర్వాతే లీజులు పిలిస్తే ఈ ముక్కల ఆట ఉండదు. మన దగ్గర గుట్ట అంటే రాయి ఒక్కటే కాదు. దాని కింద చెరువు ఉంటుంది, ఆ చెరువుకు నీళ్లు వచ్చే వాలు ఆ గుట్టదే. కాకతీయులు ఆ వాలును చూసే చెరువు కట్టారు.

గనిని మూసే విషయంలో మూడు రకాల న్యాయం నడుస్తోంది. బొగ్గు గనులకు 2009 నుంచి మూసివేత ప్రణాళిక, దాని ఖర్చు కోసం ఏటా ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికే విడిగా కట్టి ఉంచే ఖాతాలో, డబ్బు వేసే పద్ధతి ఉన్నాయి. భూపాలపల్లిలో, రామగుండంలో ఓపెన్‌కాస్ట్ గుంతల గురించి ఎంత వాదన ఉన్నా, వాదించడానికి ఒక ఖాతా, ఒక లెక్క అయినా ఉంది. ఇతర పెద్ద ఖనిజాలకు 2021 సవరణ తర్వాత హెక్టారుకు పెద్ద గనులైతే ఐదు లక్షలు, చిన్నవైతే మూడు లక్షల రూపాయల ఆర్థిక హామీ ఉంది. ఊరి క్వారీదారు కట్టే సెక్యూరిటీ డిపాజిట్టు బకాయిలు రాబట్టుకోవడానికే గాని, గుంతను చక్కబెట్టడానికి లెక్కగట్టినది కాదు. నేను రాసిన ప్రతి మైనింగ్ ప్లాన్ చివర మూసివేత గురించి ఒక అధ్యాయం ఉంటుంది. గుంత చుట్టూ కంచె వేస్తారని, అంచుల మీద చెట్లు నాటుతారని, నీటి కుంటగా మారుస్తారని రాశాను. అది జరిపించడానికి డబ్బు ఎక్కడా లేదని తెలిసే రాశాను. నేను ప్లాన్ రాసిన ఒక క్వారీ మూతపడ్డ మూడేళ్లకు అటుగా పోతే కంచె లేదు, నిలువు గోడల మధ్య పచ్చటి నీళ్లున్నాయి, అంచున మేకలు మేస్తున్నాయి, మేకల వెంట ఒక చిన్న పిల్ల ఉంది. ఆ రోజు నుంచి నాకు ఈ అధ్యాయం రాయాలంటే చెయ్యి ఆగుతుంది. హెక్టారుకు ఇంత అని నిజమైన ఖర్చు లెక్కగట్టి, పర్మిట్ పర్మిట్‌కూ కొంత కొంతగా విడి ఖాతాలో వేయించి, ఆ డబ్బును పంచాయతీ తీర్మానం లేకుండా లీజుదారుకు తిరిగి ఇవ్వకుండా చూడాలి. తవ్విన నేల మీద మళ్లీ గడ్డి మొలిపించాలన్న షరతును లీజులలో పెట్టమని సుప్రీంకోర్టు 2020 జనవరిలో కేంద్రానికి చెప్పింది. పశువులకు మేత దొరకాలన్నంత చిన్న కోరికకు కూడా దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా పోవలసి వచ్చిందంటే మన చట్టంలో ఎంత వెలితి ఉందో చూడండి.

బయ్యారం, ఏటూరునాగారం, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల గురించి మీరు అడగలేదు గాని, కొత్త చట్టం అనగానే కొందరు ముందుగా చేయి పెట్టాలనుకునేది అక్కడే. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని, ప్రభుత్వ భూమి అయినా సరే, గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని 1997 జూలైలో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి ఆధారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే, 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధన. సంస్కరణ పేరుతో దీనిని సడలించకూడదని నా గట్టి అభిప్రాయం.

వేలం పాట సింగరేణికి కూడా వర్తించాలా అన్న వాదన మన జిల్లాలలో బాగా వేడిగా ఉంది. 2024 జూన్‌లో హైదరాబాదులో మొదలుపెట్టిన వేలంలో మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకు ఉండటంతో అది ఇంకా పెరిగింది. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సంస్థ తన పక్కనే ఉన్న బొగ్గు కోసం బయటివారితో పాట పాడాలనడం నాకు సమంజసంగా తోచదు. అయితే ఆ గని ఎవరి చేతికి పోయినా, గుంతను కొలవాలన్న మాటలో తేడా రాకూడదు.

డబ్బు విషయంలో రాష్ట్రాలకు ఇప్పుడు కొత్త బలం వచ్చింది. తవ్విన ఖనిజానికి లీజుదారు కట్టే రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కుల మీద, ఖనిజాలున్న భూమి మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2024 జూలై 25న ఎనిమిది మంది మెజారిటీతో తేల్చింది. దీని వల్ల ఖజానాకు మేలు జరగవచ్చు. కానీ ఆదాయం పెరిగే కొద్దీ తవ్వకాన్ని ఆపవలసిన చోట ఆపే ధైర్యం తగ్గుతుందన్న భయం నాకుంది. అందుకే కొలతను, వసూలును విడదీయడం ఇప్పుడు ఇంకా అవసరం.

లీజుదారుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది. నిజాయతీగా తవ్వుకొని బతకాలనుకునే మనిషికి ఈ పద్ధతి నరకమే చూపిస్తుంది. గనుల శాఖలో దరఖాస్తు, తహసీల్దారు ఎన్‌వోసీ, సర్వేయరు, అటవీ శాఖ, మైనింగ్ ప్లాన్, పర్యావరణ అనుమతి, కాలుష్య మండలి, పేలుడు పదార్థాల లైసెన్సు, ఒక్కొక్కటి ఒక్కొక్క గడప. ఒకే భూమిని నలుగురు వేర్వేరు రోజులలో వచ్చి చూస్తారు. రెండు మూడేళ్లు ఇట్లా తిరిగి, వడ్డీకి తెచ్చిన డబ్బు కరిగాక లీజు చేతికి వస్తే, ఆ ఖర్చంతా మొదటి ఏడాదే రాబట్టుకోవాలన్న తొందరలో హద్దులు దాటతారు. అన్ని శాఖలూ ఒకే రోజు కలిసి వచ్చి చూసి, ఇన్ని రోజులలో అవునో కాదో కారణంతో రాసి ఇవ్వాలని గడువు పెట్టాలి. పెద్ద ఖనిజాల గనులు చేతులు మారినప్పుడు పాత అనుమతులు కొత్తవారికి కొనసాగే ఏర్పాటును 2020, 2021 సవరణలు తెచ్చాయి. చిన్న క్వారీలకు కూడా, కొలత లెక్క శుభ్రంగా ఉన్నవారికి మాత్రమే, అటువంటి వెసులుబాటు ఇవ్వవచ్చు. లోపలికి వచ్చే తలుపు వెడల్పుగా ఉండి, లోపల పని చేసే తీరు మీద కన్ను గట్టిగా ఉండాలి. ఇప్పుడు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది.

చట్టం మారేదాకా మీరు ఆగనక్కరలేదు. మీ ఊరి క్వారీకి సంబంధించిన పర్యావరణ అనుమతి పత్రం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో దొరకవచ్చు. అందులో ఏడాదికి ఎంత తవ్వవచ్చో, ఎంత లోతు పోవచ్చో రాసి ఉంటుంది. సమాచార హక్కు కింద జిల్లా గనుల కార్యాలయంలో లీజు స్కెచ్, ఆమోదించిన మైనింగ్ ప్లాన్, గత ఐదేళ్లలో ఏడాదివారీగా ఇచ్చిన పర్మిట్ల పరిమాణం అడగండి. స్కెచ్‌లో పిల్లర్ల అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. ఊరి పెద్దలను ఒకరిద్దరిని వెంట తీసుకొని, బ్లాస్టింగ్ లేని సమయం కనుక్కొని, గుంత అంచులకు దూరంగా ఉంటూ ప్రతి పిల్లర్ దగ్గర నంబరు కనిపించేలా ఫోటో తీయండి. ఫోను జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి దానితో ఎవరి మీదా ఆరోపణ చేయకండి. రెవెన్యూ, గనుల శాఖలు కలిసి జాయింట్ సర్వే చేయాలని కలెక్టరుకు ఇచ్చే దరఖాస్తుకు మాత్రం అది చాలు. ఆ దరఖాస్తును గ్రామసభ తీర్మానంతో కలిపి మే నెలలోపే ఇవ్వండి. వానలు పడి గుంతలో నీళ్లు నిలిచాక, అడుగు కనిపించడం లేదని సర్వేను మళ్లీ వేసవి దాకా వాయిదా వేస్తారు.